వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళని సరిగ్గా చూడట్లేదని ఎలా గుర్తుపట్టాలి, ఎవరికి ఎలా చెప్పాలి

"అమ్మ బాగా చిక్కిపోయింది, అడిగితే వయసు కదా సార్ అంటున్నారు, ఇప్పుడు ఏం చేయాలి?" ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, కొందరు అమెరికాలో. తిరుపతిలో అయితే స్వామి పాదాల దగ్గర ఉన్నట్టుంటుంది, మనం కొండకి వచ్చినప్పుడల్లా చూసిపోవచ్చు అని పెద్దవాళ్ళని ఇక్కడ చేర్పించినవాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం వరుసగా రాస్తున్నాను.

నేను రాస్తున్నది వృద్ధాశ్రమాల గురించి, నెలనెలా డబ్బు తీసుకునేవీ, ఉచితంగా చూసేవీ రెండూ.

1. వయసు వల్ల వచ్చేది ఏది, చూడకపోవడం వల్ల వచ్చేది ఏది

వయసుతో నడక తగ్గుతుంది, మతిమరుపు వస్తుంది, తిండి కొంచెం తగ్గుతుంది. వీటికి నెలలు, ఏళ్ళు పడతాయి. పోయిన నెల బాగా మాట్లాడిన మనిషి ఈ నెల గుర్తుపట్టలేనట్టు అయిపోతే దాన్ని వయసు ఖాతాలో వేయకండి. జబ్బయినా అయుండాలి, పట్టించుకునేవాళ్ళు లేకపోవడమైనా అయుండాలి. ఏదైనా సరే, మీరు వచ్చి చూసేదాకా ఆశ్రమం నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదంటే అదే మొదటి తప్పు.

బరువుకి డాక్టర్లు చూసే లెక్క ఒకటుంది. నెలలో 5 శాతం లేదా 6 నెలల్లో 10 శాతం తగ్గితే కారణం వెతకాల్సిందే. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలన్నమాట.

ఇంకోవైపు న్యాయంగా ఒక మాట చెప్పాలి. పుండు పడిన ప్రతిచోటా నిర్లక్ష్యం ఉందనుకోవద్దు. చివరి దశలో ఉన్నవాళ్ళకి ఎంత బాగా చూసినా ఒక్కోసారి పుండ్లు పడతాయి, ఎంత కనిపెట్టుకుని ఉన్నా ఒక్కోసారి జారి పడతారు. తేడా తెలియాలంటే మూడు ప్రశ్నలు అడగండి: ఎప్పుడు గమనించారు, ఏ డాక్టరుకి చూపించారు, మాకు ఎప్పుడు చెప్పారు. బాగా చూసేవాళ్ళ దగ్గర వీటికి తేదీతో సహా జవాబు ఉంటుంది.

2. వెళ్ళేముందు

అందరూ చేసే పొరపాటు ఏంటంటే, శనివారం తిరుమల దర్శనం చేసుకుని దిగుతూ అరగంట ఆగి, ప్రసాదం ఇచ్చి, ఫొటో దిగి వెళ్ళిపోవడం. శని, ఆదివారాలు మీరొస్తారని ఆశ్రమానికీ తెలుసు. స్నానం చేయించి, ఉతికిన బట్టలు కట్టి కూర్చోబెడతారు. మంగళవారమో బుధవారమో చెప్పకుండా వెళ్ళండి, అదీ భోజనం టైముకి. మీరు రాలేకపోతే ఊళ్ళో ఉన్న బంధువునో స్నేహితుణ్ణో పంపండి.

వెంట ఉండాల్సినవి:

- ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను
- కుట్టుపనికి వాడే టేపు
- డాక్టరు రాసిన మందుల చీటీ నకలు
- చేర్పించినప్పుడు సంతకం చేసిన ఒప్పందం, కట్టిన డబ్బు రసీదులు
- పోయినసారి తీసిన ఫొటో, పోల్చి చూసుకోవడానికి

3. అక్కడ ఏం చూడాలి

ముందు ముక్కుతో మొదలుపెట్టండి. గదిలోకి అడుగుపెట్టగానే మూత్రం వాసన కొడుతోందా? ఒకసారి కొట్టిందంటే ఇప్పుడే జరిగి ఉండొచ్చు. వెళ్ళిన ప్రతిసారీ కొడుతోందంటే డైపర్లు, దుప్పట్లు టైముకి మార్చట్లేదు.

తర్వాత నీళ్ళు. గ్లాసు చేతికి అందే దూరంలో ఉందా, లేక కిటికీ గూట్లో ఉందా? మన ఎండల్లో ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం. పెద్దవాళ్ళకి దాహం తెలియడం తగ్గుతుంది, బాత్రూంకి తీసుకెళ్ళమని అడగలేక నీళ్ళు తాగడమే మానేసేవాళ్ళూ ఉన్నారు. నాలుక ఎండిపోయి ఉండటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఉన్నట్టుండి మాట తడబడటం, మగతగా ఉండటం, ఇవి ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తులు. చెయ్యి మీద చర్మం గిల్లి చూడటం పెద్దవాళ్ళ విషయంలో నమ్మదగ్గ పరీక్ష కాదు, వయసుతో చర్మం ఎలాగూ వదులవుతుంది.

ఇక ఒళ్ళు. ఇక్కడ మొహమాటపడొద్దు. మా పెద్దమ్మ విషయంలో మేం పడ్డాం. ఆమె ఉన్న ఆశ్రమానికి రెండు నెలలు వెళ్ళొచ్చాం, మంచం పక్కన కుర్చీలో కూర్చుని మాట్లాడి వచ్చాం, ఆమె ఎప్పుడూ నిండా దుప్పటి కప్పుకునే ఉండేది, చలి అనుకున్నాం. ఒకరోజు ఆమె చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారాయి. అప్పుడు అనుమానమొచ్చి దుప్పటి తీసి చూస్తే రెండు మడమలూ నల్లబడి ఉన్నాయి. మందు రాసి కట్టు కట్టిన గుర్తు కూడా లేదు.

అందుకే ఆడవాళ్ళయితే ఇంట్లో ఆడవాళ్ళు, మగవాళ్ళయితే మగవాళ్ళు, తలుపు వేసి, వాళ్ళని అడిగి, ఒకసారి పూర్తిగా చూడండి. పుండ్లు మొదట పడే చోట్లు ఇవి:

- నడుము కింద తోకఎముక
- మడమలు
- తుంటి పక్కలు
- వీపు మీద రెక్కల ఎముకలు, మోచేతులు
- తల వెనక, చెవులు

ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. నొక్కితే రంగు పోయి మళ్ళీ వస్తే ఫర్వాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనిపించదు కాబట్టి ఆ చోటు వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడండి. కదల్లేనివాళ్ళని సుమారు 2 గంటలకోసారి పక్కకి తిప్పాలి. "తిప్పే చార్టు ఏది?" అని అడగండి. చార్టు లేకపోయినా, నెల మొత్తం ఒకే పెన్నుతో ఒకే దస్తూరీలో ఒకేసారి నింపినట్టు ఉన్నా రాసుకోండి.

మిగతావి గబగబా చూసేయొచ్చు:

- గోళ్ళు, జుట్టు, పళ్ళసెట్టు. పళ్ళసెట్టు డబ్బాలోనే ఉంటే అన్నం ఎలా తింటున్నారు?
- కళ్ళజోడు, వినికిడి మిషన్ పెట్టుకుని ఉన్నారా, బీరువాలో ఉన్నాయా?
- మణికట్టు మీద, చీలమండల దగ్గర కట్టేసిన గుర్తులు
- ఒకే చోట కాకుండా పాతవీ కొత్తవీ కలిసి ఉన్న కమిలిన మచ్చలు
- మోచేతికి పైన చేతి చుట్టుకొలత. టేపుతో కొలిచి రాసుకోండి, వచ్చే నెల మళ్ళీ అదే చెయ్యి, అదే చోట
- మందుల స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయి? తేదీ ప్రకారం లెక్క సరిపోవాలి. ఎక్కువ మిగిలితే వేయట్లేదు. నిద్రమాత్రలు తక్కువ మిగిలితే రాసినదానికంటే ఎక్కువ వేస్తున్నారేమో
- ఫ్యాను తిరుగుతోందా, కాలింగ్ బెల్ పనిచేస్తోందా

భోజనం పెట్టేటప్పుడు అక్కడే ఉండండి. ప్లేటులో ఏముందో అందరూ చూస్తారు. నోటిలోకి ఎంత వెళ్ళిందో చూడాలి. చెయ్యి వణికే మనిషి ముందు ప్లేటు పెట్టి, పది నిమిషాల తర్వాత "తినలేదు" అని తీసుకెళ్ళిపోవడం చాలా చోట్ల జరుగుతుంది.

డబ్బు సంగతి కూడా. వృద్ధాప్య పెన్షన్ వస్తుంటే 2024 జూలై నుంచి అది నెలకి 4,000. ఎవరు తీసుకుంటున్నారు, వేలిముద్ర ఎవరు వేయిస్తున్నారు, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది, చెవి కమ్మలు చెవికే ఉన్నాయా?

చివరగా ఒక ప్రశ్న మేనేజరుని అడగండి: "రాత్రి పది తర్వాత ఎంతమంది ఉంటారు, ఎంతమందిని చూస్తారు?" పగలు ఎంత బాగున్నా రాత్రి ఇరవై మందికి ఒక్క ఆయా ఉంటే ఎవరినీ టైముకి తిప్పలేరు, ఎవరికీ డైపరు మార్చలేరు.

4. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలి

"బాగా చూస్తున్నారా అమ్మా?" అని ఆయా ముందు అడిగితే ఏ అమ్మయినా బాగానే చూస్తున్నారు నాయనా అంటుంది. మీరు వెళ్ళిపోయాక రాత్రి ఆమె ఉండాల్సింది వాళ్ళ దగ్గరే కదా. పైగా బిడ్డల్ని టెన్షన్ పెట్టకూడదనుకుంటారు.

ఒంటరిగా, చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. పొద్దున ఏం పెట్టారు? రాత్రి లేవాలంటే ఎవరిని పిలుస్తావు? పిలిస్తే ఎంతసేపటికి వస్తారు? ఎవరంటే భయం? మతిమరుపు ఉన్నవాళ్ళ మాట కొట్టిపారేయొద్దు, తేదీ తప్పొచ్చు కానీ ఒక మనిషి గదిలోకి రాగానే ముడుచుకుపోతున్నారంటే అది గమనించాల్సిన విషయమే.

మన దగ్గర ఇంకో చిక్కు, భాష. తిరుపతి ఆశ్రమాల్లో తమిళం, కన్నడం మాత్రమే వచ్చిన పెద్దవాళ్ళూ ఉంటారు. "తణ్ణి" (తమిళంలో నీళ్ళు) అని అడిగితే అర్థం చేసుకునే మనిషి రాత్రి డ్యూటీలో ఉన్నారా లేదా చూసుకోండి.

5. అదే రోజు రాసిపెట్టండి

ఫిర్యాదు నిలబడేది ఇక్కడే. కోపం ఎవరికైనా వస్తుంది, తేదీ ఉన్న కాగితం కొద్దిమంది దగ్గరే ఉంటుంది. తేదీ, టైము, చూసింది, మాట్లాడిన మనిషి పేరు, వాళ్ళు చెప్పిన మాట, ఈ ఐదూ రాయండి. మీ అభిప్రాయం రాయొద్దు. "ఘోరంగా చూస్తున్నారు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "11.15కి వెళ్ళాను, డైపరు తడిసి దుప్పటి దాకా వచ్చింది, 12.40 వరకు ఎవరూ మార్చలేదు" అని రాస్తే దానికి వాళ్ళు జవాబు చెప్పాలి.

పుండు ఫొటో తీసేటప్పుడు పక్కన ఐదు రూపాయల బిళ్ళ పెట్టండి, ఎంత పెద్దదో తెలుస్తుంది. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశారన్న వివరం పోతుంది. మిగతా పెద్దవాళ్ళ మొహాలు ఫొటోలో రానివ్వకండి.

సీసీ కెమెరాలు ఉంటే ఫుటేజీ దాచిపెట్టమని అదే రోజు రాతపూర్వకంగా అడగండి. కొన్నాళ్ళకి పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది.

6. ప్రాణం మీదికొస్తే ఫిర్యాదు తర్వాత

లేపినా లేవకపోవడం, జ్వరంతో చీము పట్టిన పుండు, పడి కాలు కదపలేకపోవడం, రోజంతా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108. ఆశ్రమం అనుమతి కోసం ఆగొద్దు.

తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రి అయినా, చిత్తూరు ప్రభుత్వాసుపత్రి అయినా క్యాజువాలిటీలో మొదటి మాటే ఇది చెప్పండి: "ఆశ్రమం నుంచి తీసుకొచ్చాం, సరిగ్గా చూడకపోవడం వల్లే ఇలా అయిందని అనుమానం, మెడికో లీగల్ కేసుగా రాయండి." అంటే ఆసుపత్రి పోలీసులకి కూడా తెలియజేసే కేసు. పుండు ఎక్కడ, ఎంత లోతు, బరువు ఎంత, నీరు తగ్గిందా, ఇవన్నీ కేస్ షీట్‌లో రాయమని డాక్టరుని మర్యాదగా అడగండి. తర్వాత మీకు ఎక్కువగా పనికొచ్చేది ఆ కాగితమే. రికార్డుల నకలు కోసం అర్జీ పెడితే 72 గంటల్లో ఇవ్వాలి.

7. ముందు ఆశ్రమానికి రాయండి

వెంటనే ప్రమాదం లేదు, దెబ్బలు లేవు అనుకుంటే మొదటి మెట్టు ఇదే. మేనేజరుతో నోటిమాటగా మాట్లాడి, అదే రోజు సాయంత్రం అవే మాటలు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపండి: ఏం చూశాం, ఏం మార్చాలి, ఎప్పటిలోగా. నీళ్ళు, శుభ్రం లాంటివి ఆ రోజే సరిచేయాలి. డాక్టరుకి చూపించడం మరుసటి రోజుకి.

ఆయా మీద అరవకండి. తక్కువ జీతానికి పదిమంది పని చేసే మనిషి ఆమె. చాలాసార్లు లోపల ఏం జరుగుతోందో నిజం చెప్పేది కూడా ఆమే.

కొట్టిన గుర్తులు, కట్టేయడం, గదిలో పెట్టి గొళ్ళెం వేయడం, డబ్బు కాజేయడం ఉంటే ఈ మెట్టు దాటేసి నేరుగా కిందిదానికి వెళ్ళండి.

8. ఎవరికి చెప్పాలి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆర్డీవో ఆఫీసుకి వెళ్ళి నెలలు తిరిగి, ఇది మా పరిధి కాదని తెలుసుకుని వస్తారు. ఏది ఎక్కడికో చూడండి.

14567, ఎల్డర్‌లైన్. వయోవృద్ధుల కోసం ఉన్న ఉచిత నంబరు, రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. ఎవరైనా చేయొచ్చు, కొడుకో కూతురో అయుండక్కర్లేదు. ఎటు వెళ్ళాలో తెలియనప్పుడు ఇక్కడ మొదలుపెట్టండి. రాత్రి అత్యవసరమైతే 112.

కలెక్టరేట్. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఆశ్రమం ఏ జిల్లాలో ఉందో చూసుకుని ఆ కలెక్టరేట్‌కే వెళ్ళండి. అర్జీలో "విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ద్వారా తనిఖీ చేయించగలరు" అని స్పష్టంగా అడగండి. రెండు కాపీలు తీసుకెళ్ళండి, రసీదు నంబరు లేకుండా బయటికి రావొద్దు.

పోలీస్ స్టేషన్. దెబ్బలు, నిర్బంధం, దొంగతనం, మోసం ఉంటే. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి, ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. దూరంగా ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో పంపి 3 రోజుల్లో సంతకం చేయొచ్చు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. చట్టాల విషయానికొస్తే ఇవి గుర్తుంచుకోండి:

- 2007 వయోవృద్ధుల చట్టం, సెక్షన్ 24: చూసుకోవాల్సినవాళ్ళు పెద్దవాళ్ళని వదిలించుకుందామని ఎక్కడైనా విడిచిపెడితే 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా లేదా రెండూ
- భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 357: నిస్సహాయులని చూసుకుంటామని ఒప్పుకుని కావాలని చూడకపోతే కూడా అంతే శిక్ష. ఒప్పందం కాగితం దాచుకోమన్నది ఇందుకే
- 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 92: వైకల్యం ఉన్న మనిషికి, తమ సంరక్షణలో ఉండగా, తెలిసి తిండీ నీళ్ళూ ఇవ్వకపోతే 6 నెలల నుంచి 5 ఏళ్ళ జైలు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే తప్పకుండా జతచేయండి

ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్. ఇది బిడ్డలు పోషణ ఇవ్వనప్పుడు పెద్దవాళ్ళు వెళ్ళే చోటు. ఆశ్రమం తప్పుకి ఇక్కడ పని జరగదు. కానీ బిడ్డలు ఆశ్రమంలో వదిలేసి డబ్బు కట్టడం మానేస్తే, అందుకే సరిగ్గా చూడట్లేదంటే, ఇదే సరైన దారి. నోటీసు ఇచ్చాక 90 రోజుల్లో తేల్చాలి.

వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టే ఆశ్రమమైతే ఇది సేవాలోపం కిందికొస్తుంది, రెండేళ్ళలోగా కేసు వేయాలి. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. దారి అడగడానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఉచితంగా చూసే ఆశ్రమానికి ఇది వర్తించదు.

లాయరు పెట్టుకునే స్థోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ, 15100.

9. అర్జీ ఎలా రాయాలి

ఒక్క పేజీ చాలు. ఇలా:

"మా అమ్మ, వయసు 78, ఫలానా ఆశ్రమంలో 14 నెలలుగా ఉంటున్నారు. నెలకి ఇంత కడుతున్నాం. 4వ తేదీ ఉదయం 11.15కి వెళ్ళినప్పుడు రెండు మడమల మీద పుండ్లు చూశాం, మాకు ముందు చెప్పలేదు. 5వ తేదీ మేనేజరుకి రాశాం, జవాబు రాలేదు. 9వ తేదీ ఆసుపత్రిలో చేర్పించాం, డాక్టరు రాసిన కాగితం జతచేశాం. కోరుతున్నవి: తనిఖీ చేయాలి, తిప్పే చార్టు, మందుల రిజిస్టరు పరిశీలించాలి, తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలపాలి."

కోరుతున్నది చివర్లో విడిగా రాయడం ముఖ్యం. అది లేకపోతే అర్జీ "విచారించడమైనది" అన్న ఒక్క ముక్కతో మూతపడుతుంది.

10. జరిగే తప్పులు, వాటికి మార్గం

ముందు ఫేస్‌బుక్‌లో పెట్టడం. పెట్టగానే చార్టులు కొత్తగా రాస్తారు, ఆయాలకి నోరు మూయిస్తారు. అర్జీ ఇచ్చి, కాపీలు చేతిలో ఉన్నాకే బయట మాట్లాడండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలో చూసుకోకుండా గొడవ పెట్టుకోవడం. మేమూ ఇదే చేశాం, ఆ రాత్రి పెద్దమ్మని పెట్టుకోవడానికి చోటు లేక ఇబ్బందిపడ్డాం. ఇంకో ఆశ్రమమో, బంధువుల ఇల్లో, నెలరోజులకి ఇంట్లో చూసుకునే మనిషో, ముందు అది మాట్లాడుకోండి.

"మీ సామాను ఇవ్వాలంటే ఫిర్యాదు లేదని సంతకం పెట్టండి" అంటారు. పెట్టొద్దు. సామాను జాబితా రాసి, అందినట్టు మాత్రమే సంతకం చేయండి.

అన్నదమ్ములు తలో మాట చెప్పడం. ఒకరు ఫిర్యాదు ఇస్తే ఇంకొకరు ఫోన్ చేసి "మాకేం ఇబ్బంది లేదు" అంటారు, విచారణ అక్కడితో ఆగుతుంది. ఎవరు మాట్లాడాలో ఇంట్లోనే తేల్చుకోండి.

11. ఫిర్యాదు ఇచ్చాక

పెద్దవాళ్ళు ఇంకా అక్కడే ఉంటే మొదటి రెండు వారాలు రోజూ ఎవరో ఒకరు వెళ్ళాలి, రోజుకో టైములో. కక్ష తీర్చుకుంటారేమో అన్న భయం పెద్దవాళ్ళకి ఉంటుంది, మీరు కనిపిస్తుంటే అది తగ్గుతుంది. పైన 3వ భాగంలోని జాబితానే మళ్ళీ చూడండి, పాత పేజీ పక్కన పెట్టుకుని.

నెల దాటినా అర్జీ మీద కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అడగండి: ఏ తేదీన తనిఖీ చేశారు, నివేదిక నకలు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మీరు వెళ్ళినప్పుడు పక్క మంచం కూడా చూడండి. మా పెద్దమ్మ గదిలో ఇంకో అవ్వ ఉండేది, ఆమె కోసం ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మేం అర్జీలో పెద్దమ్మ గురించే రాసి వచ్చేశాం, ఆమె పేరు అడగాలని కూడా తోచలేదు. మీరు అడగండి. పేరు, మంచం నంబరు, మీరు చూసింది రాసుకుని 14567కి చెప్పండి.